మొదటి సింగిల్ ఖాళీగా వెళ్ళిన రోజు

కండక్టరు ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని మా పాత డిపోవాళ్ళు అడిగారు. జాగ్రత్తలు చెప్పమని వాళ్ళ ఉద్దేశం. చిల్లర ముందే సర్దుకోండి, కదిలే బస్సులో చెయ్యి వదలకండి, డ్రైవరుతో తగువు పెట్టుకోకండి. ఇవన్నీ మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. వినే ఉంటారు, మర్చిపోయే ఉంటారు.

నేను చెప్పేది వేరే. మోకాళ్ళు అరిగిపోయి, ఇంకా సర్వీసు ఉండగానే ఉద్యోగం వదులుకుని ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్న దగ్గర్నుంచీ నాకు అంతుపట్టని సంగతి ఒక్కటే. నిండుగా తిరిగే బస్సును నేను చేతులారా రద్దు చేయించాను. పేదవాళ్ళకి బస్సు ఖర్చు తేలిక చేద్దామని మొదలుపెట్టిన పని అలా ముగిసింది. తప్పు ఎక్కడ జరిగిందో మీకు తడితే చెప్పండి. నాకు మాత్రం ఒక్కోరోజు ఒక్కోచోట కనిపిస్తుంది.

తొంభైల చివర్లో, ఆడవాళ్ళను కండక్టర్లుగా తీసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో నేను చేరాను. బీకాం చదివి భుజాన సంచీ తగిలించుకుంటావా అని మా మేనత్తగారు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే హాయిగా ఉండేది. మొదటి ఏడాదంతా జనం టికెట్టు కంటే ముందు నన్ను చూసేవారు. "చూడ్డం అయితే చిల్లర తియ్యండి" అనేదాన్ని. దాంతో అమలాపురం చుట్టుపక్కల నాకు నోరున్న కండక్టరని పేరు పడిపోయింది. ఆ పేరును నేనూ పెద్దగా కాదనలేదు.

నాలుగైదేళ్ళు గడిచాక నాకు ముక్తేశ్వరం రూటు ఇచ్చారు. తెల్లవారుజామున అమలాపురంలో బయల్దేరి ముక్తేశ్వరం వెళ్ళి, వెలుగు వచ్చేవేళకి అక్కణ్ణుంచి తిరిగి అమలాపురం రావాలి. తర్వాత సాయంత్రం దాకా అదే దారిలో అటూ ఇటూ ట్రిప్పులు. ఒకవైపు ప్రయాణాన్ని మేము సింగిల్ అంటాం. ఆ తిరుగు ప్రయాణం రోజులో ఊళ్ళోకి జనాన్ని తెచ్చే మొదటి సింగిల్. గోదావరి రేవు దాటి వచ్చినవాళ్ళు కొందరు, కొబ్బరికాయల బేరగాళ్ళు ఒకరిద్దరు ఎక్కేవారు. అసలు జనం అమలాపురానికి ఐదు కిలోమీటర్ల ముందు, కాలవ గట్టు మీద ఉన్న కాలనీ దగ్గర ఎక్కేవారు. అందరూ ఆడవాళ్ళే. ఇరవై, ఇరవై అయిదు మంది. ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళు, టిఫిన్ హోటళ్ళలో పిండి రుబ్బేవాళ్ళు, ఆసుపత్రుల్లో గదులు కడిగేవాళ్ళు. చేతిలో క్యారేజీ, తడి ఆరని జుట్టు, ఆవలింతలు.

నెల రోజులు గడిచాక నాకొక సందేహం వచ్చింది. పొద్దున ఇంతమంది ఎక్కుతున్నారు కదా, సాయంత్రం ఆ స్టాపులో ఇద్దరు ముగ్గురికి మించి ఎందుకు దిగడం లేదు? వీళ్ళందరూ ఇంటికెలా వెళుతున్నారు?

ఆ మాటే ఒక ఆవిడని అడిగాను. ఒక నర్సింగ్ హోములో గదులు కడిగే మనిషి, నలభై దాటి ఉంటాయి, మెత్తగా మాట్లాడేది. "నడిచి ఎల్తామండి" అంది.

"పొద్దున బస్సెక్కి సాయంత్రం నడవడమేమిటి?"

"పొద్దున్న ఆలీసమైతే ఊరుకోరండి. సాయంత్రం ఇంటికాడ ఎవరికండీ మాతో తొందర?"

రెండువైపులా ఛార్జీ ఇచ్చుకుంటే కూలిలో మిగిలేది తక్కువ. అందుకని ఒకవైపు డబ్బు బస్సుకి, రెండోవైపు కాళ్ళకి. కాలనీ మొత్తం అదే పద్ధతి. పొద్దుటి నుంచీ నిలబడి పనిచేసిన మనిషి సాయంత్రం అయిదు కిలోమీటర్లు నడుస్తుంటే, పక్కనుంచి నా బస్సు సగం ఖాళీగా పోతోంది. ఈ ఏర్పాటులో తెలివి ఎవరిదో, తెలివితక్కువతనం ఎవరిదో నాకు అర్థం కాలేదు. నాకు అర్థం కానిదాన్ని ఊరికే వదిలే అలవాటు కూడా లేదు.

అప్పటికే మా సంస్థలో నెల పాసు ఉంది. పదిహేను రోజుల రానూపోనూ ఛార్జీ కడితే నెలంతా తిరగొచ్చు. నేను బీకాం బుర్రతో లెక్క కట్టాను. పొద్దుట సింగిళ్ళకి నెలకి వాళ్ళు ఇస్తున్నదీ, పాసు ఖరీదూ ఒకటే. అంటే అదే డబ్బుతో సాయంత్రం నడక తప్పుతుంది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళుగా వీళ్ళకి ఎవరూ చెప్పలేదేమిటని మనసులోనే అందరినీ తిట్టుకుని, మర్నాడు కాలనీ స్టాపులో ఎక్కినవాళ్ళందరికీ ఊరు వచ్చేదాకా ఉపన్యాసం ఇచ్చాను.

మెత్తటావిడ శ్రద్ధగా విని "ఆయ్" అంది. ఆవిడ పక్కనున్న మనిషి మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. మెత్తటావిడ తోటికోడలు, పదేళ్ళు చిన్నది, ఆ ఒక్క రోజే ఊళ్ళో ఏదో పనుండి కలిసి ఎక్కింది.

"నెల డబ్బు నెల ముందే ఎవరిస్తారండి మాకు?" అంది.

"అంటే?"

"మాకు రోజు డబ్బు రోజే వస్తాదండి. ముప్పై రోజులదీ ఒకటో తారీకునాడే తెచ్చి ఇమ్మంటే ఎక్కణ్ణించి తెమ్మంటారు? పొద్దుట మీకిచ్చేది నిన్నటి కూలండి. రేపటి కూలితో ఇయ్యాల బస్సెక్కించే పాసుంటే చెప్పండి, కొంటాం."

బస్సంతా నవ్వింది. నేను టికెట్లు కొట్టుకుంటూ ముందుకు వెళ్ళిపోయాను. ఆ లెక్క బీకాంలో లేదు.

నాలుగు రోజుల తర్వాత ఆ చిన్నావిడే నా దగ్గరికి వచ్చింది. ఒక పాసు కొనగలమండి అంది. ఎవరికి అని అడిగితే ఇద్దరికీ అంది. నర్సింగ్ హోములో ఉన్నది ఒక్క ఉద్యోగమేనట. తోటికోడళ్ళిద్దరూ దాన్ని పంచుకున్నారు. ఒకరోజు పెద్దావిడ, ఒకరోజు చిన్నావిడ. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు ఉంది, ఆవిడ దగ్గర రోజూ ఎవరో ఒకరు ఉండాలి. ఉద్యోగం ఇచ్చినవాళ్ళకి కూడా అది తెలుసు. సరే అన్నారట.

"పాసు ఒక మనిషికేనమ్మా ఇచ్చేది. ఫొటో అంటిస్తారు" అన్నాను.

"బస్సెక్కేది రోజుకి ఒక మనిషే కదండీ. మేం ఒక మనిషి పని చేస్తన్నాం, ఒక మనిషి కూలి తీసుకుంటన్నాం, ఒక మనిషి సీట్లో కూర్చుంటాం. పాసు దగ్గరికొచ్చేసరికి ఇద్దరమెలా అయ్యేమండి?"

నా ఎదురుగా నిలబడి వాదనలో నన్ను ఓడించినవాళ్ళు నా సర్వీసులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆవిడ ఒకతె. రూలు తెలుసు నాకు. ఆ రూలు ఎందుకుందో మాత్రం తెలీదు. "ఫొటో ఎవరిదైనా పెట్టుకోండి, నాకు చెప్పకండి" అన్నాను. అంటే ఒప్పుకున్నట్టే కదా. ఒప్పుకున్నాను.

పెద్దావిడ ఫొటోతో పాసు వచ్చింది. చిన్నావిడ వంతు వచ్చిన రోజున "పాస్" అనేది, నేను తల ఊపి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. ఇద్దరి ముక్కులూ ఒకలాగే ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఏమాత్రం ఉండవు.

కాలనీ అంతా దీన్ని చూస్తూనే ఉంది. తర్వాతి నెలకి జంటలు జంటలుగా పాసులు కొన్నారు. ఆ జంటలు తోటికోడళ్ళలాగా రోజు మార్చి రోజు కాదు. ఒకావిడ మొదటి సింగిల్‌కి వెళితే, రెండో ఆవిడ పదింటి ట్రిప్పుకి వెళ్ళేది. మరి పొద్దున ఊళ్ళోకి వెళ్ళిపోయిన పాసు పదింటికి కాలనీకి ఎలా తిరిగి రావాలి?

నా చేతే వచ్చింది. ఒకరోజు అమలాపురంలో దిగుతూ పిండి రుబ్బే ఆవిడ తన పాసు నా చేతిలో కుక్కి, "మా ఆడపడుచు స్టాపులో ఉంటాదండి, కొంచెం ఇచ్చెయ్యరా" అని జనంలో కలిసిపోయింది. నేను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. బస్సు తిరిగి ముక్తేశ్వరం వెళుతూ కాలనీ దగ్గర ఆగితే ఆ ఆడపడుచు చెయ్యి చాచి నిలబడి ఉంది. ఏం చెయ్యాలి చెప్పండి? చించి కాలవలో పారెయ్యాలా? ఇచ్చాను. ఇచ్చి నాలుగు తిట్టాను. తిట్లు తీసుకుంది, పాసు తీసుకుంది. వారం తిరిగేసరికి నా క్యాష్ బ్యాగులో లోపలి అరలో రబ్బరు బ్యాండు వేసిన పాసుల కట్ట తయారైంది. ఇళ్ళ వెంట తిరిగి ఇచ్చుకోవడం ఎందుకని పదింటివాళ్ళు సాయంత్రం దిగుతూ నాకిచ్చినవి మర్నాడు పొద్దున మొదటివాళ్ళకి, మొదటివాళ్ళు ఇచ్చినవి మళ్ళీ పదింటివాళ్ళకి. ఒక పాసుని ఇద్దరు వాడితే కేసు. తెలిసి వాడనిచ్చిన కండక్టరుకి సస్పెన్షను. చేతులతో అందించిన కండక్టరు గురించి రూల్సు పుస్తకంలో ఏమీ లేదు, అలాంటి మనిషి ఉంటుందని రాసినవాళ్ళు ఊహించి ఉండరు.

మా డ్రైవరు గారు అరవైకి దగ్గరపడిన మనిషి. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఇదంతా అద్దంలో చూస్తూనే ఉండేవారు. "ఏవమ్మా, పోస్టాఫీసు కూడా పెట్టేవా?" అన్నారు ఒకసారి. అంతే. ఆయన ఇంకోమాట అనరు, ఆ ఒక్కటీ మర్చిపోరు.

సాయంత్రాలు ఇప్పుడు ఆ స్టాపులో పదేసి మంది దిగుతుంటే చూడ్డానికి బాగుండేది. ఆ పూట పాసు ఎవరి దగ్గరుంటే వాళ్ళు. పెద్ద తోటికోడలు ఒకసారి దిగుతూ, "ఇంటికెళ్ళేసరికి ఇంకా ఎల్తురు ఉంటాదండి, ఏం చెయ్యాలో తోచడం లేదు" అంది. నేను ఆ మాటకి వారం రోజులు పొంగిపోయాను. ఇక్కడే ఆగి ఉంటే ఇది నా గొప్ప చెప్పుకునే వ్యాసం అయ్యేది.

మూడో నెలలో డిపో మేనేజరు గారు పిలిచారు. ముక్తేశ్వరం మొదటి సింగిల్ కలెక్షను సగానికి సగం పడిపోయిందనీ, వచ్చే నెల నుంచి ఆ ట్రిప్పు తీసేసి బస్సును ఇంకో రూటుకి వేస్తున్నామనీ చెప్పారు.

"బస్సు నిండిపోయి వస్తోందండి" అన్నాను.

ఆయన నా వే బిల్లులు తీసి బల్ల మీద పరిచారు. ఏ ట్రిప్పులో ఎన్ని టికెట్లు తెగాయో మేము రాసే కాగితాలవి. దాంట్లో పాసులవాళ్ళు ఎంతమంది ఎక్కారో రాసే గడి ఒకటి ఉంటుంది. నేను చేరిన కొత్తలో ఒక సీనియరు, "అక్కడ పది అని రాసెయ్యమ్మా, ఎవరూ చూడరు" అని నేర్పాడు. డిపోలో అందరూ పదే రాసేవారు. నేనూ పదే రాశాను. పాసులు లేనప్పుడూ పది, కాలనీకి కాలనీ పాసుల మీద ఎక్కినప్పుడూ పది.

టికెట్టు కొనేవాళ్ళను పాసుల్లోకి మార్చాను. టికెట్లు తగ్గాయి. పాసుల గడిలో మాత్రం పదికి ఒక్కరు పెరగలేదు. కాగితం మీద నా బస్సు ఖాళీ.

"అందరూ పదే రాస్తారండి" అన్నాను.

"రాస్తారమ్మా. వాళ్ళ బస్సుల్లో టికెట్లు కూడా తెగుతాయి."

నేను గంటసేపు వాదించాను. ఆ బస్సు తీసేస్తే కాలనీకి తర్వాతి బస్సు ఏడున్నర దాటాకే. అప్పటికి ఇళ్ళల్లో పాచిపని అయిపోతుంది, ఆసుపత్రిలో డాక్టర్లు వచ్చేస్తారు. ఆరున్నరకల్లా గదులు కడగని మనిషిని ఎవరూ ఉంచుకోరు. ఆ ఒక్క ట్రిప్పు మీద ఇరవై ఇళ్ళ పొయ్యిలు ఆధారపడి ఉన్నాయని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. విసుగొచ్చిన మంచివాడు. చివరికి, పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఒకరోజు ఆ ట్రిప్పులో కూర్చుని తలలు లెక్కపెడతారనీ, ఆయన రాసిందే ఖాయమనీ అన్నారు. "ఎప్పుడొస్తారో చెప్పకూడదు. మీ నోటికి భయపడి చెబుతున్నాను. బుధవారం."

మంగళవారం పొద్దున కాలనీ దగ్గర బాబాయిగారిని రెండు నిమిషాలు బస్సు ఆపమన్నాను. మెట్టు మీద నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను. రేపు పొద్దున పెద్దాఫీసరు గారు మన బస్సెక్కుతారు. ఆయన లెక్క మీదే బస్సు ఉండేదీ పోయేదీ. ఒక్కరు కూడా మానకూడదు. పాసులు చేతిలో పట్టుకుని కూర్చోండి, అడగ్గానే చూపించాలి.

అందరూ ఆయ్ ఆయ్ అన్నారు. ఆ రోజు వంతు చిన్న తోటికోడలిది.

"ఫొటోలు కూడా చూస్తారేంటండి?" అంది.

"చూస్తే చూస్తారు. వచ్చేది చూడ్డానికే కదా" అన్నాను. నా ధ్యాసంతా తలల లెక్క మీద ఉంది. ఇరవై అయిదు తలలు. నిలబడేవాళ్ళు కూడా ఉంటారు. ఆఫీసరు గారికి సీటు దొరక్కుండా చెయ్యాలని కూడా ఒక చిలిపి కోరిక.

ఇప్పుడు చూడండి, ఆ ఒక్క రోజుకి టికెట్టు కొనుక్కోండి అని చెప్పొచ్చు. డబ్బు లేకపోతే నేను కొని ఇవ్వొచ్చు. ఇరవై టికెట్లు నాకు పెద్ద లెక్క కాదు. అది నాకు ఎప్పుడు తట్టిందనుకున్నారు? మూడేళ్ళ తర్వాత, వంకాయలు తరుగుతుంటే.

బుధవారం ఆఫీసరు గారు డిపోలోనే ఎక్కారు. సన్నగా, నిదానంగా ఉన్న మనిషి. చేతిలో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. ముందు సీట్లో కూర్చున్నారు. ముక్తేశ్వరంలో నన్ను టీ తాగమని అడిగారు కూడా. తిరుగు సింగిల్ బయల్దేరితే రేవు దాటి వచ్చినవాళ్ళు నలుగురు ఎక్కారు, దారిలో ఇంకో ముగ్గురు. నాకు బెంగ లేదు. అసలు జనం ముందున్నారు. నా సంచీలో, పదింటివాళ్ళు నిన్న సాయంత్రం ఇచ్చిన పాసులు తొమ్మిది ఉన్నాయి. కాలనీ దగ్గర వెనక గుమ్మంలో నిలబడి, ఎక్కేవాళ్ళ చేతుల్లో గబగబా పెట్టేస్తే ముందు సీట్లోకి కనిపించదని అనుకున్నాను.

కాలనీ స్టాపులో ఎవరూ లేరు.

బాబాయిగారు బస్సు ఆపారు. హారను కొట్టారు. ఒక కుక్క లేచి చోటు మారి పడుకుంది. ఆఫీసరు గారు వాచీ చూసుకున్నారు. ఇంకోసారి హారను. గట్టు మీద ఇళ్ళల్లో పొయ్యిల పొగ వస్తోంది. తలుపులన్నీ వేసి ఉన్నాయి. "ఈ స్టాపేనా అమ్మా?" అన్నారాయన మర్యాదగా. ఇదేనండి అన్నాను. బయల్దేరక తప్పలేదు.

ఒక కిలోమీటరు వెళ్ళామో లేదో, రోడ్డు వారన నడుస్తూ కనిపించారు. వరసగా, ఒకరి వెనక ఒకరు, చేతుల్లో క్యారేజీలతో. లెక్కపెట్టాను. ఇరవై మూడు మంది. బస్సు చప్పుడు విని సగం మంది కాలవ వైపు తిరిగిపోయారు, నీళ్ళల్లో ఏదో చూస్తున్నట్టు. ఆ రోజు వంతు పెద్దావిడది. ఆవిడా తిరిగిపోయింది. చిన్నావిడ ఎందుకు వచ్చిందో తెలీదు, వంతు కాకపోయినా ఆవిడా పక్కనే ఉంది. ఆవిడ మాత్రం తిరగలేదు. నన్నే చూస్తూ నడిచింది.

నేను చెప్పకుండానే బాబాయిగారు వేగం తగ్గించారు.

"పనిలోకి వెళ్ళేవాళ్ళలా ఉన్నారే" అన్నారు ఆఫీసరు గారు కిటికీలోంచి చూస్తూ. "ఎవరమ్మా వీళ్ళంతా?"

ఒక్క మాట చాలు. వీళ్ళేనండి నేను చెప్పిన జనం, అంటే చాలు. వెంటనే ఆయన అడిగేది కూడా నాకు తెలుసు. బస్సుండగా ఎందుకు నడుస్తున్నారు? పాసులున్నాయన్నారు కదా, ఏవి? బస్సు ఆపించి, కిందికి దిగి, ఒక్కొక్కరినీ చూపించమంటారు. ఫొటోలు, ముక్కులు. ఏ పాసూ దగ్గర లేనివాళ్ళు తొమ్మిది మంది. ఆ తొమ్మిదీ నా చంక కింద ఉన్నాయి.

"తెలీదండి" అన్నాను. "ఈ రోడ్డు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు నడుస్తూ ఉంటారు."

బాబాయిగారు అద్దంలో నన్ను ఒకసారి చూసి గేరు మార్చారు. బస్సు వాళ్ళను దాటిపోయింది.

అమలాపురంలో దిగుతూ ఆఫీసరు గారు పెన్సిలు జేబులో పెట్టుకుని, "మీరు చాలా గట్టిగా వాదించారని మేనేజరు గారు చెప్పారు. ఎందుకు వాదించారో నాకు అర్థం కాలేదమ్మా" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అర్థం కాక అన్నారు.

తర్వాతి నెల ఒకటి నుంచి ఆ ట్రిప్పు లేదు. నన్ను వేరే రూటుకి మార్చారు. తొమ్మిది పాసులూ బాబాయిగారి చేత పంపాను, ఆయన ఇల్లు అటువైపే. కొంతమంది ఆటోలు మాట్లాడుకున్నారు, అవి బస్సుకంటే ఖరీదు. కొంతమంది చీకటి ఉండగానే లేచి నడిచేవారట. నర్సింగ్ హోమువాళ్ళు రెండు వారాలు చూసి, ఊళ్ళోనే ఉండే మనిషిని పెట్టుకున్నారు. ఒక ఉద్యోగం పోయింది, ఇద్దరు మనుషులకి.

తర్వాత కూడా మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పొచ్చు. చెప్పాలని రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. చెబితే బస్సు తిరిగి వస్తుందో, ఇరవై మంది మీద కేసులు వస్తాయో, నా ఉద్యోగం పోతుందో, మూడూ జరుగుతాయో. ఏది ముందు జరుగుతుందో తెలియక తిరిగి వచ్చేశాను. ఆ కాలనీవైపు నాకు డ్యూటీ పడలేదని కూడా అబద్ధం చెప్పను. పడింది. ఆ రోజు బస్సెందుకు ఎక్కలేదని ఎవరినీ అడగలేదు. నోరున్నదానికి అడగడం రాలేదు.

నాలుగైదేళ్ళ తర్వాత ఉప్పలగుప్తం రూటులో ఉన్నాను. అప్పటికి చేతికి టికెట్ల మిషను వచ్చేసింది. ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కి మధ్య సీట్లో కూర్చున్నారు. ముందు చిన్నావిడే గుర్తుపట్టింది. "కండక్టరుగారండీ, జుట్టు నెరిసిపోయిందేంటండి?" అంది. నెరిసింది నాకు, నవ్వింది ఆవిడ. పెద్దావిడ లేచి నిలబడబోతే కూర్చోబెట్టాను. అత్తగారు పోయిందట. ఇద్దరూ ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు వొలిచే పనికి వెళుతున్నారు. పొద్దున్నే షెడ్డువాళ్ళ వ్యానే కాలనీకి వచ్చి ఎక్కించుకుంటుందట. ఛార్జీ లేదు. ఈ రోజు షెడ్డుకి సెలవు, చుట్టాల ఇంటికి వెళుతున్నారు.

"అయితే ఇప్పుడే నయమేమో" అన్నాను.

పెద్దావిడ తన అరచేతులు తిప్పి చూపించింది. ఐసులో నాని వేళ్ళ చివర్లు తెల్లగా, పగిలి ఉన్నాయి. "వ్యానయితే నయమేనండి" అంది.

నయమో కాదో నాకు అర్థం కాలేదు. అర్థం కానిది అక్కడ ఇంకొకటి కూడా ఉంది కాబట్టి, ఇన్నేళ్ళకి అడిగేశాను. ఆ రోజు అందరూ ఎందుకు నడిచారు?

పెద్దావిడ వెంటనే చెప్పింది. "మీ ఉద్యోగం పోద్దని నడిచేమండి. పాసులు అటూ ఇటూ అందించేది మీరే కదా. ఆఫీసరు చూస్తే మా మీదేముంది, జరిమానాతో పోద్ది. మీకు నౌకరీయే పోద్దని ముందురోజు రాత్రి అందరం అనుకున్నామండి."

నేను ఏదైనా అనేలోపే చిన్నావిడ అందుకుంది.

"ఏవీ అనుకోలేదండి. మా అక్క ఎవరికి ఏది బావుంటే అది చెప్తాది. జరిమానా కట్టలేక నడిచేం. ఫొటోలు చూస్తారన్నారు కదా మీరు. మీ సంగతి ఎవరికీ గుర్తే రాలేదు."

"నువ్వు అనలేదూ, ఆవిడ కూడా ఆడమనిషే అని?" అంది పెద్దావిడ.

"నేనన్నది నర్సింగ్ హోము డాక్టరమ్మ గురించి, ఆలీసమైనా అర్థం చేసుకుంటాదని."

ఇద్దరూ వాదించుకోవడం మొదలుపెట్టారు. ఆ రాత్రి ఎవరి అరుగు మీద కూర్చున్నారో, ముందు ఎవరు ఏమన్నారో, ఒకరి మాట ఒకరు కొట్టేస్తూ. ఒకావిడ మెత్తటి మనిషి, నన్ను బాధపెట్టకూడదని అల్లి చెప్పే రకమే. ఇంకొకావిడ నాలాంటిది, మంచి మాట నోటిదాకా వస్తే మింగేసే రకం. ఎవరిని నమ్మాలో చూస్తూ నిలబడ్డాను. ఏదో ఒకటి ఖాయమైతే, నేను చేసింది ఏమిటో కూడా ఖాయమవుతుందనిపించింది.

ఉన్నట్టుండి చిన్నావిడ వాదన ఆపి నా వైపు తిరిగింది.

"మరి మీరేం చేసేరండి? ఆఫీసరు గారు మేమెవరమని అడిగితే తెలీదన్నారంట కదా. బాబాయిగారు పాసులు తెచ్చిచ్చినప్పుడు చెప్పేరు. ఎందుకన్నారండి అలాగ?"

మీ కోసమే అనబోయాను. మీ మీద కేసులు పడతాయని, అనబోయాను. నోరు తెరిచాక, ఆ వేళ సంచీ మీద నా మోచెయ్యి ఎంత గట్టిగా బిగిసిందో చేతికి గుర్తొచ్చింది. అది వాళ్ళ పాసులను దాచడానికా, నన్ను దాచుకోవడానికా? పెద్దావిడ చెప్పినట్టు చెప్పాలా, చిన్నావిడ చెప్పినట్టు చెప్పాలా? ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఒకావిడ సాయం చేస్తున్నట్టు, ఇంకొకావిడ వదలనట్టు.

"ఉండండి, వెనక సీట్లవాళ్ళకి టికెట్లు కొట్టొస్తాను" అన్నాను.

మిషను పట్టుకుని బస్సు చివరిదాకా నడిచాను. వెనక సీట్లలో అందరికీ అంతకుముందే కొట్టేశాను.